మొదటి టిక్కు

మా మావయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చునే ఆయన దగ్గర్నుంచి వంతెన కింద బట్టలు ఉతికేవాళ్ళ దాకా అందరికీ ఆయన టిక్కు మావయ్యే. ఆయన కంటే వయసులో పెద్దవాళ్ళు కూడా ఏ మొహమాటమూ లేకుండా మావయ్యా అనేస్తారు. పెద్ద కాలవ మీది వంతెన ఎక్కి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, నీళ్ళలోకి ఒక ఇనుప చేపను దించి, అది చెప్పే టిక్కుల్ని లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని చేశాడు. సెలవులు కూడా లెక్కపెట్టుకుని వాడుకునేవాడు.

ఆ చేప నిజానికి చేప ఆకారంలో పోతపోసిన బరువు, తీగ నీటివాలుకు కొట్టుకుపోకుండా నిలబెట్టడానికి. దాని మీద చిన్న చిన్న కప్పులు బిగించిన చక్రం ఒకటి ఉంటుంది. నీళ్ళు ఎంత జోరుగా పారితే చక్రం అంత జోరుగా తిరుగుతుంది. ఐదు చుట్లకోసారి చెవిలో టిక్కుమంటుంది. ఇన్ని సెకన్లలో ఇన్ని టిక్కులు అని తెలిస్తే నీటి వేగం తెలుస్తుంది. వేగాన్ని కాలవ వెడల్పుతోనూ లోతుతోనూ గుణిస్తే, దిగువకు ఎంత నీరు పోతోందో తెలుస్తుంది. ఆ పరికరాన్ని కరెంట్ మీటరు అంటారు. ఆ పేరు పుణ్యమా అని వీధిలో వాళ్ళు మావయ్యను ఆపి, ఈ నెల బిల్లు ఇంతెందుకొచ్చిందని నిలదీసేవాళ్ళు. ఆయన కోప్పడేవాడు కాదు. మీ ఇంట్లో చేపను దించి చూస్తే గానీ చెప్పలేనని ముఖం గంభీరంగా పెట్టి చెప్పేవాడు.

నేను ఆయన మేనకోడల్ని. అదే ఆఫీసులో పరికరాలు బిగించి, బాగుచేసే టెక్నీషియన్ని. నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు, మా ఇంట్లో అందరూ కలిసి ఒప్పుకునే విషయం అదొక్కటే. ఈ పనిలోకి నేను రావడానికి కూడా మావయ్యే కారణం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడికి సెలవైతే వంతెన మీదికి తీసుకెళ్ళి రెండో హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టేవాడు. నా తలకు అది చాలా పెద్దది, రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చేది. నొక్కగానే సెకన్లు మొదలయ్యే గడియారం నా చేతిలో పెట్టి, "టిక్కు వినపడగానే నొక్కు, నొక్కుతూనే ఒకటి అను. నొక్కడం, అనడం ఒక్కసారే జరగాలి, తెలిసిందా కోడలా?" అనేవాడు. నేను ఒకటి, రెండు అంటూ వెళ్ళేదాన్ని. మా ఇద్దరి లెక్కా కలిస్తే ఆయన ముఖం వెలిగిపోయేది. నాకు అంతకంటే పెద్ద బహుమతి అప్పట్లో ఏదీ తెలియదు.

మా నాన్నది కూడా ఆ కాలవ మీదే ఉద్యోగం. ఆయన లస్కరు. అంటే వంతెన దగ్గర్నుంచి కాలవ చివరిదాకా గట్టు వెంట తిరుగుతూ, తూములు ఎత్తి దించుతూ, గండ్లు పడకుండా కాపలా కాసే మనిషి. వంతెన దగ్గర ఎంత నీరు బయల్దేరిందో మావయ్య చెబుతాడు. కాలవ చివర ఒక సిమెంటు గాడి ఉంది, అందులో నీటి ఎత్తును బట్టి ఎంత చేరిందో తెలుస్తుంది. మధ్యలో ఎండకు కొంత పోతుంది, మట్టిలోకి కొంత ఇంకుతుంది. ఆ తరుగుదలకు ఆఫీసులో ఒక హద్దు ఉంది. హద్దు దాటితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది లస్కరే.

వేసవి వచ్చేసరికి ఆ హద్దు ప్రతి ఏడూ దాటేది. పదిపాళ్ళు బయల్దేరిన చోట, ఎండకూ మట్టికీ పోవాల్సింది పోగా, ఇంకో పాలు కూడా కనపడేది కాదు. నీళ్ళు నిండుగా ఉన్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. పదకొండేళ్ళ కిందట వానలు మొహం చాటేసిన ఏడు మాత్రం చివరి పొలాలవాళ్ళు వచ్చి ఆఫీసు ముందు బైఠాయించారు. విచారణ జరిగింది. మధ్యలో నీళ్ళు ఎవరో దోచుకుంటున్నారని, లస్కరుకు తెలియకుండా అది జరగదని అన్నారు. మావయ్యను పిలిచి, మీ కొలతలో పొరపాటుకు అవకాశం ఉందా అని అడిగారు. పక్కనే నాన్న నిలబడి ఉన్నాడు. మావయ్య, "నా టిక్కు తప్పదండీ" అన్నాడు.

ఆ ఒక్క మాటతో మా రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. నాన్నను కాలవ మీద నుంచి తీసేసి, సామాన్ల గోదాముకు కాపలా వేశారు. రిటైరయ్యేదాకా ఆయన పాత పైపుల మధ్య, తుప్పుపట్టిన తూము తలుపుల మధ్య కూర్చున్నాడు. వీధిలో ఎవరైనా నీళ్ళు అనే మాట ఎత్తితే చాలు, తలకొట్టేసినట్టు అయ్యేది ఆయనకు. అమ్మ అటు అన్నకూ ఇటు మొగుడికీ మధ్య నలిగిపోయింది. అన్నను చూడాలనిపిస్తే బస్టాపు దాకా వెళ్ళి చూసి వచ్చేది, కూరలకని చెప్పి.

కూరలంటే ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. కాలవ గట్టున ఒక ముసలాయన కూరగాయల మడులు వేసుకునేవాడు. రోజుకు రెండు గంటలు పైపుతో నీళ్ళు తోడుకోవడానికి ఆయనకు అనుమతి కాగితం ఉండేది. విచారణకు నెల ముందు, పోతున్న నీళ్ళ కోసం గట్టంతా గాలించి గాలించి పిచ్చెత్తిపోయిన నాన్న, ఈయనే గంటలు దాటి తోడుతున్నాడని రాసి ఇచ్చాడు. పైపు పీకేశారు. మడులు ఎండిపోయాయి. ఆయన ఆ తర్వాత తోపుడు బండి కొనుక్కుని, వేరేవాళ్ళు పండించిన కూరలూ పళ్ళూ మా వీధి మలుపులో అమ్ముకోవడం మొదలుపెట్టాడు. కాలవ మీద నాన్న ఉద్యోగం ఎలాగూ నిలవలేదు. అమ్మ ఈ పదకొండేళ్ళలో ఆ బండి దగ్గర ఒక్క వంకాయ కొనలేదు. ఎందుకని అడిగితే, ముదురు కాయలని చెప్పేది.

నిరుడు వానాకాలం ముందు వంతెనకు రాడార్ వచ్చింది. బిగించింది నేనే. అరచేతిలో పట్టే పెట్టెకు రెండు కళ్ళు. ఒకటి తిన్నగా కిందికి చూసి నీటిమట్టం ఎంతుందో చెబుతుంది. రెండోది ఏటవాలుగా చూస్తూ నీటి మీదికి తరంగాలు పంపుతుంది. అలల మీద తగిలి తిరిగి వచ్చే తరంగం కొద్దిగా మారి వస్తుంది, దగ్గరికి వచ్చే బండి హారను ఒకలా, దాటిపోయే బండి హారను ఒకలా వినపడినట్టు. ఆ తేడాని బట్టి పైనీరు ఎంత వేగంగా కదులుతోందో తెలుస్తుంది. నీళ్ళలో చెయ్యి పెట్టక్కర్లేదు, చేప అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. కాకపోతే పైనీరు ఎప్పుడూ అడుగు నీటికంటే వేగంగా పోతుంది. అందుకని రాడార్ చూపిన వేగాన్ని ఒక గుణకంతో కాస్త తగ్గించాలి. మామూలుగా నూటికి ఎనభై అయిదు పాళ్ళు. కచ్చితంగా ఎంతన్నది ఆ కాలవలో కరెంట్ మీటరు దించి, రెంటినీ పోల్చి చూసుకుని తేల్చుకోవాలి. అంటే రాడార్‌కు పాఠం చెప్పాల్సింది మావయ్యే.

నేను రాడార్ వస్తోందని తెలిసిన రోజునే మనసులో ఒకటి అనుకున్నాను. నాన్న దొంగ కాదని ఈ పెట్టె చెబుతుంది. ఎలా చెబుతుందో తెలియదు. మావయ్య తప్పు అని మాత్రం అప్పుడు అనుకోలేదు. ఆ రెండూ ఒకదాన్ని వదిలి ఒకటి జరగవని నాలాంటి లెక్కల మనిషికి తట్టకపోవడం విచిత్రమే.

వానాకాలమంతా రాడారూ మావయ్యా అన్నదమ్ముల్లా ఏకమాట మీద ఉన్నారు. ఆయన నిమిషంలో అరవై టిక్కులు లెక్కపెడితే, ఎనభై అయిదు పాళ్ళ గుణకంతో రాడార్ కూడా అటూ ఇటూగా అంతే చూపించేది. మా ఇంజనీరు గారు సంబరపడిపోయారు. కుర్రాడు, మంచివాడు, ఫైలు మూసేయడమంటే మహా ఇష్టం. నాకే ఎక్కడో నిరాశగా ఉంది.

వేసవిలో కాలవ నెమ్మదించాక అసలు కథ మొదలైంది. రాడార్ అంకె మావయ్య అంకె కంటే తక్కువ చూపించడం మొదలుపెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం ఎదురుగాలికి అలలు వెనక్కి తిరిగితే, కాలవ ఎగువకు పారుతోందని చూపించింది. మావయ్యకు పండగే. వారం రోజులు ఆఫీసులో కనపడిన ప్రతివాళ్ళనూ ఆపి, కాలవ కొండెక్కుతోందట, చూసి రండని చెప్పాడు. నన్ను చూసినప్పుడల్లా, నీ పెట్టె ఇవాళ ఏ దిక్కుకు తిరిగిందే కోడలా అని అడిగేవాడు. నేనూ నవ్వాను. నీళ్ళు నెమ్మదిగా, నున్నగా పోతున్నప్పుడు గాలి రాడార్‌ను మోసం చేస్తుంది, అది నిజమే. అందుకే తెల్లవారుజామున, ఆకు కదలని వేళ మాత్రమే కొలతలు తీయడం మొదలుపెట్టాను.

గాలి లేదు. అయినా తేడా పోలేదు. పదింట ఒక పాలు. సరిగ్గా నాన్న కాలవలో మాయమైనంత.

పైనీటి వేగం రాడార్ సరిగ్గానే చెబుతోందా అని తేల్చుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది. కమలాపళ్ళు నీళ్ళలో వేసి, ఈ గుర్తు నుంచి ఆ గుర్తుకు ఎన్ని సెకన్లలో చేరాయో చూడటం. అవి సగానికి పైగా మునిగి తేలతాయి కాబట్టి గాలి వాటినేం చేయలేదు. పళ్ళు ఆ తోపుడు బండి ముసలాయన దగ్గరే కొన్నాను, అమ్మకు చెప్పకుండా. ఏరకుండా తీసుకుంటున్నానని ఆయనకు అనుమానం వచ్చింది. నీళ్ళలో వేయడానికని చెప్పాను. ఆయన మెత్తబడిన రెండు తీసి పక్కన పెట్టి గట్టివి ఇచ్చాడు. మర్నాడు పొద్దున పది పళ్ళు వదిలాను. పదీ రాడార్ చెప్పిన వేగంతోనే పోయాయి. మీటరు చక్రాన్ని పరీక్షకు పంపాను, ఏ లోపమూ లేదని తిరిగి వచ్చింది. ఇక మిగిలింది మావయ్య చెవులు. రెండో హెడ్‌ఫోన్ పెట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన పది అన్నాడు. నా లెక్కా పదే.

అప్పుడు ఇంజనీరు గారు పిలిచారు. నెలాఖరుకల్లా గుణకం తేల్చేయమన్నారు. మావయ్య రిటైర్మెంటుకు ఆరు వారాలే ఉంది, ఆ తర్వాత పోల్చి చూడటానికి మనిషి ఉండడు. వేసవికి గుణకం తొంభై నాలుగు అని పెట్టేస్తే రాడార్ ఆయన అంకెతో కలిసిపోతుందని, ముప్పై ఏళ్ళ రికార్డు ఎక్కడా తెగకుండా సాగుతుందని అన్నారు. ఆయన చెప్పింది కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. కానీ ఒకసారి ఆ అంకె పెట్టెలో పెట్టానంటే, ఇక మావయ్య ఉన్నా లేకపోయినా ప్రతి వేసవీ నాన్న కాలవలో నీళ్ళు మాయమవుతూనే ఉంటాయి. ఈసారి చెప్పేది మనిషి కాదు, రాడార్. ఇంక ఎవరు కాదంటారు? సరేనండీ అనలేక, కుదరదని అనలేక, నీళ్ళు నములుతూ బయటికి వచ్చాను.

ఆ ఆదివారం అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో కొళాయి కారుతోంది. అమ్మ కింద గిన్నె పెట్టింది. నాన్న గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. కొళాయికి కొత్త రబ్బరు తేవాలని రెండు వారాలుగా అంటున్నాడని అమ్మ గొణుగుతోంది. గంటకు ఎంత నీరు వృథా అవుతోందో చెబుతానుండు అని నేను కొలతల గడియారం తీశాను. చుక్క పడింది. నొక్కుతూ ఒకటి అన్నాను. రెండు, మూడు, నాలుగు.

"ఆగు. ఆ మొదటి చుక్కని ఎందుకు కలిపావు?" అన్నాడు నాన్న.

పడింది కాబట్టి కలిపానన్నాను, విసుగ్గానే.

"పడింది సరే. అది కారడానికి పట్టిన టైము నీ గడియారంలో లేదు కదా. అది పడ్డాకేగా నువ్వు నొక్కింది. నొక్కాక రాలిన చుక్కలే నీ లెక్క. దాన్ని కలుపుకుంటే ఒకటి ఎక్కువ చెప్పినట్టేగా."

నాన్న మామూలుగానే అన్నాడు, అని కాళ్ళు చాపుకున్నాడు. నేను మాత్రం గిన్నె ముందు గొంతుకూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. గడియారం మొదలయ్యే టిక్కు సున్న. ఒకటి కాదు. నిమిషానికి అరవై టిక్కులు పడే వానాకాలంలో ఒకటి ఎక్కువైతే అరవయ్యింట ఒక పాలు, ఎవరికీ కనపడదు. పది పడే వేసవిలో నిజంగా పడేవి తొమ్మిదే. రెండో హెడ్‌ఫోన్‌తో నేను పది అన్నానంటే, నాకు లెక్క నేర్పింది కూడా ఆయనే. ఆఫీసులో టిక్కులు లెక్కపెట్టడం వచ్చిన ప్రతివాళ్ళకూ నేర్పింది ఆయనే. తర్వాత మాన్యువల్ తీసి చూశాను. మొదటి శబ్దాన్ని సున్నగా తీసుకోవాలని పదిహేడో పేజీలో ఉంది. ఆ పేజీ నేను ఎన్నోసార్లు చదివాను. వచ్చిన పాఠమే కదా అని చదివి దాటేశాను.

నాన్నకు ఏమీ చెప్పలేదు. ఆ రోజు తిన్నదేమిటో కూడా గుర్తులేదు నాకు.

సోమవారం పొద్దున వంతెన మీద మావయ్య చేపను దించుతున్నాడు. ఆయన ఇస్త్రీ చొక్కా జేబులో ఎప్పటిలాగే రెండు పెన్సిళ్ళు, ఒకటి చెక్కింది, ఒకటి చెక్కనిది. నాకు ఆ క్షణంలో ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందో, అంత కోపం వచ్చింది. ఒక కొలత నేను చెప్పినట్టు తియ్యమని అడిగాను. గడియారం నొక్కినప్పుడు ఒకటి అనకుండా సున్న అనమన్నాను. ఎందుకని అడగబోయి, నా ముఖం చూసి ఆగాడు.

సున్న అన్నాడు. తొమ్మిది దగ్గర ఆగాడు. మళ్ళీ దించాడు. సున్న నుంచి తొమ్మిది. మూడోసారి గడియారం నొక్కలేదు, వట్టినే టిక్కులు వింటూ నిలబడ్డాడు, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ. తర్వాత హెడ్‌ఫోన్ తీసి రెయిలింగు మీద పెట్టి, తీగ చుట్టే డ్రమ్ము మీద కూలబడ్డాడు. చేపను పైకి తీయడం మర్చిపోవడం నేను ఆయన దగ్గర చూడటం అదే మొదటిసారి. నేనే తీశాను.

"మీ నాన్నకు తెలుసా?" అన్నాడు.

"చెప్పింది నాన్నే మావయ్యా. దేని గురించి చెప్పాడో ఆయనకే తెలియదు."

కొళాయి సంగతి చెప్పాను. ఆయన అంతా విని తల ఊపాడు. తనకు ఈ పని నేర్పిన పాత ఉద్యోగి కూడా నొక్కుతూ ఒకటి అనేవాడని, తప్పుపట్టడానికి ఆయన ఇప్పుడు లేడని అన్నాడు. వెంటనే, ఆయన ఉన్నా తప్పుపట్టేవాణ్ణి కాదులే, విచారణలో అడిగింది ఆయన్ని కాదు కదా అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను కాలవ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయన ఆ రోజే రెండు పేజీల ఉత్తరం రాసి ఇంజనీరు గారికి ఇచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కొలతల్లోనూ ప్రతి కొలతకూ ఒక టిక్కు ఎక్కువ పడిందని, వేసవి కొలతల్లో అది పదింట ఒక పాలవుతుందని, కాలవలో నీరు మాయం కాలేదని, పదకొండేళ్ళ కిందటి విచారణలో తను చెప్పిన మాట తప్పని రాశాడు. ఇంజనీరు గారికి చెమటలు పట్టాయి. గుణకం ఎనభై అయిదే ఉంచేద్దామని, ఇకముందు రాడారే చూసుకుంటుందని, పాతవి తవ్వితే ఎవరికీ లాభం లేదని, మరో ఆరు వారాలు కళ్ళు మూసుకుంటే గౌరవంగా ఇంటికి వెళ్ళవచ్చని బతిమాలినట్టు చెప్పారు. మావయ్య ఉత్తరం అందినట్టు దాని మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకునేదాకా ఆ గదిలోంచి కదల్లేదు. నేను ఎనభై అయిదు పెట్టెలో పెట్టాను.

ఆ తర్వాతి ఆదివారం మావయ్య అమ్మావాళ్ళింటికి వచ్చాడు. నేను ముందే వెళ్ళి కూర్చున్నాను. అమ్మ తలుపు తీసి, అన్నను చూసి పక్కకు తప్పుకుంది. నాన్న చివరికి కొళాయి విప్పాడు. చేతిలో పానా ఉంది. తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. కుర్చీ ఉన్నా మావయ్య కూర్చోలేదు.

"బావా, లెక్క నాదే తప్పు. మొదట్నుంచీ తప్పే. నీ కాలవలో చుక్క నీరు పోలేదు. ఆఫీసులో రాసి ఇచ్చాను. ముందు నీకు చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు."

ఎలా తప్పో కూడా చెప్పాడు, ఏదీ దాచకుండా. చుక్కల సంగతి దగ్గరికి వచ్చేసరికి నాన్న నా వైపు ఒకసారి చూశాడు. కొత్త రబ్బరు వేసి, కొళాయి బిగించి, తిప్పి చూశాడు. కారలేదు. చేతులు తుడుచుకున్నాడు.

"తప్పు అందరికీ వస్తుంది బావా. ఆ రోజు నిన్ను అడిగారు. ఒకసారి చూసుకుని చెబుతానని అంటే సరిపోయేది."

"అవును. అనలేదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను అనుకున్నాను, ఇక నాన్న అరుస్తాడు, లేదా వీళ్ళిద్దరూ కావలించుకుంటారు, ఏదో ఒకటి అయిపోతుందని. ఏదీ కాలేదు. నాన్న పీట మీద కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. ఆయన ముఖంలో సంతోషం లేదు. పదకొండేళ్ళుగా నేను ఏ ముఖం చూడాలని ఎదురుచూశానో అది అక్కడ లేదు.

"నువ్వు చెప్పావని నేనూ నమ్మాను. నా గట్టు మీద దొంగ ఉన్నాడనే అనుకున్నాను. లేని దొంగను వెతికి వెతికి ఒకణ్ణి పట్టుకున్నాను" అన్నాడు.

లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాటి వెనక్కి తిరిగి, "నువ్వూ రా బావా. ఇలాంటి మాట ఎలా మొదలుపెట్టాలో నీకు తెలుసు కదా ఇప్పుడు" అన్నాడు.

ఇద్దరూ నడుస్తుంటే వెనక నేను. అమ్మ ఒక నిమిషం ఆగి, గోడకు తగిలించిన సంచీ తీసుకుని మా వెంట వచ్చింది. వీధి మలుపులో తోపుడు బండి చుట్టూ అప్పుడే బేరాలు తగ్గాయి. ముసలాయన టమాటాల మీద నీళ్ళు చల్లుతున్నాడు. నాన్నను చూడగానే చెంబు కింద పెట్టి, బండి పిడి పట్టుకుని కదలబోయాడు. నాన్న బండి అంచు మీద చెయ్యి వేశాడు. మావయ్య చెప్పిన మాటలు ఏవీ నాన్న నోటికి రాలేదు.

"పెద్దాయనా, నువ్వు నీళ్ళు తియ్యలేదు" అన్నాడు.

ముసలాయన మా నలుగురినీ ఒక్కొక్కరినే చూశాడు. అమ్మ చేతిలో సంచీ దగ్గర ఆయన చూపు కాస్త ఆగింది.

"ఆ సంగతి నాకు మొదటి రోజునే తెలుసు బాబూ" అన్నాడు.

అని, నాన్న ఇంకా ఏం చెబుతాడోనని చెయ్యి పిడి మీద నుంచి తీయకుండా అలాగే నిలబడ్డాడు.